ఆ చెయ్యి ఎవరిది?

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. మొదటి పేజీలోనే దెయ్యం వచ్చేసింది. మూడో పేజీకల్లా దాని జుట్టు, గోళ్లు, కళ్లలోంచి కారే నెత్తురు అన్నీ చూపించేశావు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి గురించి మాత్రం, భయపడుతోందన్న ముక్క తప్ప ఇంకేమీ తెలియలేదు. అందుకే నాకు భయం వెయ్యలేదు.

అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ నవల ఎలాగైనా సంపాదించి చదువు. సినిమా తర్వాత చూద్దువుగాని, ముందు పుస్తకం.

అందులో ఎలినార్‌కి 32 ఏళ్లు. మంచాన పడ్డ తల్లికి 11 ఏళ్లు చాకిరీ చేసింది. తల్లి పోయాక అక్క ఇంట్లో తలదాచుకుంటోంది. కారులో సగం వాటా తనదే అయినా అక్క ఇవ్వనంటే, చెప్పకుండా తీసుకుని, రమ్మని పిలుపొచ్చిన హిల్ హౌస్ అనే దెయ్యాల కొంపకి బయల్దేరుతుంది. దారిలో భోజనానికి ఆగిన చోట ఒక చిన్నపిల్ల పాలు తాగనని మొండికేస్తూ ఉంటుంది. ఇంట్లో దాని కప్పు అడుగున నక్షత్రాలుంటాయట, ఆ కప్పయితేనే తాగుతుందట. తాగకమ్మా, ఆ కప్పు కోసమే పట్టుబట్టు అని ఎలినార్ మనసులోనే ఆ పిల్లకి చెప్పుకుంటుంది. హిల్ హౌస్ చేరాక, కొత్తగా పరిచయమైన థియోడోరా నీ ఇల్లెలా ఉంటుందని అడిగితే, దారిలో చూసిన రాతి సింహాలూ ఆ నక్షత్రాల కప్పూ అన్నీ తనవేనని చెబుతుంది.

ఇల్లులేని మనిషి దారిలో ఏరుకున్న వాటితో ఇల్లు కట్టుకుని చూపించడం! అది చదివినప్పుడు నాకు ఏ దెయ్యం కథలోనూ పట్టనంత దిగులు పట్టుకుంది. హిల్ హౌస్ ఆమెను మింగేస్తుందని అప్పుడే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆమెను రమ్మని పిలిచింది ఆ ఒక్క ఇల్లే.

ఇది మనసుకి పట్టాకే చీకట్లో చెయ్యి పట్టుకునే ఘట్టం వస్తుంది. పక్కగదిలో ఏదో గొణుగుడు, పసిబిడ్డ ఏడుపు. ఎలినార్ థియోడోరా చెయ్యి గట్టిగా పట్టుకుని ఓర్చుకుంటుంది. ఇక భరించలేక ఆపమని అరుస్తుంది. చూస్తే దీపం వెలుగుతోంది, థియోడోరా అవతలి మంచం మీద ఉంది. మరి ఇంతసేపూ తను పట్టుకున్న చెయ్యి ఎవరిది? జాక్సన్ చెప్పదు. పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలని ఎలినార్ ఎంత తపించిందో మనకి తెలుసు కాబట్టే అక్కడ ఒళ్లు జలదరిస్తుంది.

1963లో రాబర్ట్ వైజ్ దీన్ని ‘ది హాంటింగ్’ పేరుతో నలుపు తెలుపుల్లో తీశాడు. ఎలినార్‌గా జూలీ హారిస్ నటించింది. అందులో దెయ్యం ఎక్కడా కనబడదు. మూసిన తలుపు లోపలికి ఉబ్బుతుంది, అంతే. పల్చటి చెక్కపొరలతో చేసిన తలుపుని వెనకనుంచి ఒక మనిషి నెట్టాడు. ఆ ఇంట్లో ఏ మూలా సరైన కొలతలో ఉండదని నవలలో ఉంది కదా, దానికోసం వైజ్ ఇంకా పూర్తిగా సిద్ధం కాని 30 ఎంఎం లెన్సుని, సినిమా లెన్సులు తయారుచేసే పానావిజన్ కంపెనీ వాళ్లనడిగి తెచ్చుకున్నాడు. అంచులు వంకరపోయే ఆ లెన్సు వల్ల గోడలు నిజంగానే మనమీదికి వాలినట్టుంటాయి. 1999లో యాన్ డి బాంట్ మళ్లీ తీసినప్పుడు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో దెయ్యాన్ని భారీగా చూపించేశాడు. నేను అదరలేదు, బెదరలేదు.

అయితే వైజ్ సినిమా ముగింపు కన్నా నవల ముగింపే నాకు గొప్పది. సినిమాలో స్టీరింగ్ తనంతట తానే తిరుగుతున్నట్టు ఎలినార్ దానితో పెనుగులాడుతుంది. నవలలో తనే కారు వేగం పెంచి చెట్టుకేసి పోనిస్తుంది. చివరి క్షణంలో మాత్రం, నేనెందుకిలా చేస్తున్నాను, వీళ్లు నన్నెందుకు ఆపరు అనుకుంటుంది. ఆ రెండో ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నీ కథలో ఒక్కచోట నేను ఆగాను. అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అంటే, ఆ అమ్మాయి “ఇక్కడ అందరూ బాగా చూసుకుంటున్నారమ్మా” అంటుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నువ్వు ఆ మాట రాసేసి, గబగబా బావి దగ్గరి దెయ్యం దగ్గరికి పరిగెత్తావు. ఆ అబద్ధం ఎందుకాడింది? అక్కణ్ణుంచి మొదలుపెట్టు. దెయ్యాన్ని కొన్నాళ్లు బావిలోనే ఉండనీ. రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య