ఒంటికి ఆదివారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెలకో శనివారం ఒక్కపొద్దు ఉండి, తెల్లవారుజామున అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. మొక్కు కాబట్టి దిగడం కూడా నడకే. ఆ రోజు ఏమీ అనిపించదు. ఆదివారం మధ్యాహ్నానికి తొడలు పట్టేస్తాయి. సోమవారం ఆఫీసు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఆదివారం పొద్దున గంటసేపు బాగా లాగి స్ట్రెచింగ్ చేస్తున్నా తగ్గడం లేదు. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: ఎక్కడంలో పొరపాటు లేదు, దిగడంలో ఉంది. అలిపిరి దారి 3550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ కండకు దెబ్బ తక్కువ. దిగేటప్పుడు ఊపిరికి హాయిగానే ఉంటుంది, శిక్షంతా తొడ ముందు కండకు. కాలు కింది మెట్టుకు చేరేలోపు ఒంటి బరువు ధబీమని పడిపోకుండా ఆ కండే బ్రేకు వేస్తుంది. అంటే ఒకవైపు సాగుతూనే ఇంకోవైపు బిగపట్టాలి. వేలసార్లు ఇలా జరిగితే కండ పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి, ఆ తర్వాత లోపల వాపు వస్తుంది. అందుకే నొప్పి ఆలస్యంగా మొదలై 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. మీ సోమవారం అందులోనే పడుతోంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్‌లో ఎవరైనా చెబితే పట్టించుకోకండి. అది నడక ఆపిన గంటా రెండు గంటల్లో రక్తంలోంచి పోతుంది, సోమవారం దాకా ఉండదు.

ఇక మీ గంట స్ట్రెచింగ్. చిరిగిన చోటే మళ్ళీ లాగుతున్నారు. వ్యాయామానికి ముందు చేసినా తర్వాత చేసినా స్ట్రెచింగ్ ఈ రకం నొప్పిని చెప్పుకోదగ్గంతగా తగ్గించదని 2011 నాటి కాక్రేన్ సమీక్ష (ఒకే విషయం మీద జరిగిన వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసేది) కూడా తేల్చింది. ఆదివారం కావలసింది ఒంటిని వదులుగా ఒదిలేయడం, మధ్యమధ్య మెల్లగా కదిలించడం.

కొండ దిగి ఇంటికి రాగానే మంచమెక్కకండి. చదునైన నేల మీద పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. స్నానం అయ్యాక గోడకు కాళ్ళు పెట్టి పడుకోండి. గోడకు ఎదురుగా కూర్చుని వెనక్కి వాలితే కుదరదు, నడుము మెలిపడుతుంది. గోడకు పక్కవాటుగా, తుంటి గోడకు తగిలేలా కూర్చుని, ఒక చేతి మీద వాలుతూ రెండు కాళ్ళూ ఒక్కసారే పైకి తిప్పండి. నడుము కింద నాలుగు మడతల దుప్పటి ఉంచండి. తొడ వెనక లాగుతుంటే, లేదా పిర్రలు నేల మీంచి లేస్తుంటే గోడకు జానెడు దూరం జరగండి. మోకాళ్ళు బిగబట్టకండి, కాస్త వంగి ఉండనివ్వండి. పది నిమిషాలు చాలు. అరికాళ్ళు తిమ్మిరెక్కితే అంతకన్నా ముందే దించేయండి. లేచేటప్పుడు మోకాళ్ళు మడిచి, ఓ పక్కకు ఒత్తిగిలి, అర నిమిషం ఆగి లేవాలి.

ఆదివారం పొద్దున, సాయంత్రం పదిహేనేసి నిమిషాల నడక పెట్టుకోండి. కుర్చీలో కూర్చున్నప్పుడల్లా పాదాలు ముందుకీ వెనక్కీ ఇరవై సార్లు ఆడించండి. తొడ ముందు భాగం సాగదీయాలనిపిస్తే పక్కకు పడుకుని, పైకాలి చీలమండ పట్టుకుని మడమను పిర్రవైపు తెచ్చుకోండి. లాగుతున్నట్టు తెలియాలి, ముఖం చిట్లించేంత లాగకూడదు. 20 సెకన్లు, రెండుసార్లు.

ఒక్కపొద్దు సంగతి కూడా చెప్పాలి. చిరిగిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, మీరేమో ఆ రోజే కడుపు మాడుస్తున్నారు. ఉపవాసం మానమని చెప్పడం లేదు. తినే ఆ ఒక్కపూట పప్పు, పెరుగు, గుప్పెడు ఉడికించిన వేరుశనగలు తప్పకుండా ఉండేట్టు చూసుకోండి. ఆదివారం సంగటితో పాటు రెండు గుడ్లు తింటే సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. దారి పొడుగునా ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి.

వచ్చే నెలకు అసలైన మందు ముందే వేసుకోవచ్చు. కొండకు వెళ్ళే పది రోజుల ముందు ఏదైనా రెండంతస్తుల మెట్లు ఐదారుసార్లు నిదానంగా దిగండి. కండ ఒకసారి ఈ దెబ్బ కొంచెం రుచి చూస్తే, కొన్ని వారాల పాటు రెండోసారికి అంత నొప్పి పడదు. మొక్కులో దిగుడు లేకపోతే మాత్రం బస్సెక్కేయండి.

ఒక హెచ్చరిక. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, తొడలు ఉబ్బి కాళ్ళలో పట్టు తప్పినా అది మామూలు ఒళ్ళు నొప్పి కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే దాన్ని రుద్దించకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ప్రశ్న: వారానికి ఆరు రోజులు నేల మీద కూర్చుని కలంకారీ వేస్తాను. మెడ, నడుము, కుడి బొటనవేలు మొదలు ఎప్పుడూ నొప్పే. ఆదివారం ఒక్కటే తీరిక. ఏం చేస్తే వారమంతా నిలబడుతుంది?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: వారమంతా నిలబడేది ఆదివారం ఒక్కరోజులో దొరకదమ్మా. ముందు ఆ మాట అనుకుంటే మిగతాది తేలిక. మీ ఒళ్ళు రోజంతా ముందుకు ముడుచుకుని ఉంటుంది కాబట్టి ఆదివారం దాన్ని వెనక్కి తెరవాలి, అదీ మీరు శ్రమపడకుండా.

పాత నూలు చీర ఒకటి గట్టిగా చుట్టండి. మూడు నాలుగు అంగుళాల లావు ఉంటే చాలు. వెన్నుపూస వెంబడి నిలువుగా, నడుము పైనుంచి తల దాకా వచ్చేలా పరిచి దాని మీద వెల్లకిలా పడుకోండి. చేతులు పక్కలకు చాచి అరచేతులు పైకి పెట్టండి. గడ్డం పైకి లేస్తోందంటే తల కింద ఎత్తు చాలలేదని అర్థం. ఒక తువ్వాలు మడిచి పెడితే మెడ కుదురుకుంటుంది. ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. చాలామంది చుట్టను అడ్డంగా నడుము కింద పెట్టుకుంటారు. అప్పుడు తెరుచుకోవలసిన ఛాతీ అలాగే ఉండి, నడుము మాత్రం విల్లులా వంగి ఇంకా నొప్పెడుతుంది.

ఆ చీర మీదే ఉండి అరికాళ్ళు రెండూ కలిపి మోకాళ్ళు పక్కలకు వాల్చండి. బాసిపట్టు వేసి బిగుసుకున్న తుంట్లకు ఇది మంచిది. మోకాళ్ళు గాలిలో వేలాడకూడదు, చెరో దిండు పెట్టండి. ఆధారం లేకపోతే గజ్జల దగ్గర కండ భయంతో ఇంకా బిగుస్తుంది.

బొటనవేలి బాధ ఎక్కడిదో మీకు తెలిసిందే. కలానికి చుట్టిన గుడ్డను నొక్కితేనే రంగు దిగుతుంది, ఆ నొక్కుడు రోజంతా. మోచేయి చాచి, అరచేయి కిందికి వంచి, రెండో చేత్తో మెత్తగా 20 సెకన్లు పట్టండి. తర్వాత అరచేయి పైకి. చెరి మూడుసార్లు. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టి, మణికట్టును చిటికెనవేలి వైపు కొంచెం వంచితే సూది గుచ్చినట్టు పోటు వస్తుందా? వస్తే స్ట్రెచింగ్ ఆపేయండి. అది బొటనవేలి నరాల పట్టేత కాదు, కండను ఎముకకు కలిపే స్నాయువు చుట్టూ ఉండే తొడుగు వాపు కావచ్చు. డాక్టరుకు చూపించుకోవాలి.

పని రోజుల్లో మాత్రం 40 నిమిషాలకోసారి లేవడం, గుడ్డ కింది బల్లను నాలుగు అంగుళాలు ఎత్తడం, పిర్రల కింద గట్టి దిండు వేసుకుని మోకాళ్ళ కంటే తుంట్లు పైన ఉండేట్టు కూర్చోవడం. ఈ మూడూ చేయకుండా ఆదివారం ఎంత పడుకున్నా మంగళవారానికి మళ్ళీ అదే మెడ.

ప్రశ్న: ఆదివారం పదింటిదాకా పడుకుంటే వారం అలసట తీరదా?
– రేణిగుంట

జవాబు: కొంత తీరుతుంది గానీ ఆ రాత్రి నిద్ర పట్టక సోమవారం చెడుతుంది. మామూలు కన్నా గంట మించి ఆలస్యంగా లేవకండి. మధ్యాహ్నం మూడు లోపల ఒక కునుకు, 20 నిమిషాలు.

ప్రశ్న: శ్రీవారి మెట్టు దిగుతుంటే చీలమండ మెలిపడింది. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించమంటున్నారు ఇంట్లో. ఆదివారం నూనె స్నానం చేసి రుద్దితే సరిపోతుందా?
– ఒక విద్యార్థి, చంద్రగిరి

జవాబు: ముందు ఒక పరీక్ష. సాయం లేకుండా, కుంటుకుంటూ అయినా సరే, నాలుగు అడుగులు వేయగలరా? చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచును వేలితో నొక్కితే ఎముకలోనే నొప్పి ఉందా? అడుగులు పడకపోయినా, ఎముక నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే. కట్టు ఎవరు కట్టాలన్నది ఆ తర్వాతి మాట. విరిగిందో లేదో తెలియకుండా గట్టి కట్టు వేస్తే లోపల వాపుకు చోటు లేక వేళ్ళకు రక్తం ఆగే ప్రమాదం ఉంది.

ఎముక బాగుంటే మొదటి రెండు రోజులు నూనె, వేడినీళ్ళు, రుద్దడం మూడూ వద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. మూడో రోజు నుంచి గాలిలో పాదంతో అక్షరాలు రాయండి, అ నుంచి అః వరకు, పూటకోసారి. ఈ కాలును సాగదీయడం ఇప్పుడు పనికిరాదు. తెగిన లిగమెంటును (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీని) లాగితే అది వదులుగానే అతుక్కుని, ఇంకోసారి అక్కడే మెలిపడుతుంది.

ప్రశ్న: మా అమ్మకు 64. బీపీ, షుగరు ఉన్నాయి. కింద కూర్చోలేదు. ఆదివారాల్లో ఇద్దరం కలిసి చేయగలిగినవి చెప్పండి.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అన్నీ మంచం మీదే చేయించండి. వెల్లకిలా పడుకోబెట్టి, పిక్కల కింద రెండు మూడు గట్టి దిండ్లు పేర్చి, మోకాళ్ళు మడిచి ఉండేట్టు పది నిమిషాలు. గోడకు నిటారుగా కాళ్ళు పెట్టడం ఆమెకు వద్దు. కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళకు తల కిందికి ఉండే ఆసనాలు అసలే వద్దు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కాలు ముందుకు చాపి, మడమ నేలకు ఆనించి, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర కొద్దిగా వంగమనండి. ఈ వయసులో 30 నుంచి 60 సెకన్లు పట్టాలి, ఒక్కో కాలికి రెండుసార్లు. ఊపిరి బిగబట్టనివ్వకండి, బీపీ ఎగబాకుతుంది. ఆ సేపంతా ఆమెతో మాట్లాడుతూ ఉంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

పరగడుపున చేయించొద్దు. షుగరు మాత్ర వేసుకుని ఉంటే ముందు ఏదైనా తిననివ్వండి. కాళ్ళు వేడినీళ్ళలో పెడదామనిపిస్తే నీళ్ళ వేడి మీ మోచేత్తో మీరే చూడండి. షుగరు ఉన్న పాదానికి స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ ఎక్కేదాకా ఆమెకు తెలియదు. చివర మంచం అంచున ఒక నిమిషం కూర్చోబెట్టాకే నిలబెట్టండి.