టెస్టింగ్ ఉద్యోగం మానేసి ప్రాడక్ట్ మేనేజర్ కోర్సు చేస్తానంటున్నాడు, డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ చేశాడు. రెండేళ్ళుగా ఎలక్ట్రానిక్ సిటీలో కంట్రోలర్ బోర్డులు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాడు. ఇప్పుడది మానేసి ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లైన్ కోర్సు చేస్తాడట. పదకొండు నెలలు, 3 లక్షల 60 వేలు. లోను వాళ్ళే ఇప్పిస్తారట. మేము ఎంబీఏ చెయ్యమంటున్నాం. వాడి స్నేహితుడు ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) మంచిదంటున్నాడు. మూడింట్లో ఏది మేలు? “కోడింగ్ ఉండదమ్మా, జనంతో మాట్లాడి ఏ వస్తువు చెయ్యాలో రాసివ్వడమే పని” అంటున్నాడు. అదీ ఒక ఉద్యోగమేనా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి?
– ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు మూడు చదువుల గురించి అడిగారు గానీ మీ భయం చివరి రెండు వాక్యాల్లో ఉంది. చేతిలో విద్య లేకుండా మాటల మీద బతికే పనిలోకి పోతున్నాడేమో, రేపు కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తే ముందు వీణ్ణే పంపించేస్తారేమో అని. ఈ మధ్య తల్లిదండ్రులు మాటలు మార్చి అడిగేది ఎక్కువగా ఇదే. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. అది ఉద్యోగమే. తయారీ మొదలుకాకముందే ఎవరికోసం, ఏం, ఎంతలో చెయ్యాలో, ఏది చెయ్యకూడదో తేల్చి కాగితం మీద పెట్టడం. కాకపోతే మీ అబ్బాయి ఊహించుకుంటున్నంత తేలిక పని కాదు.

సంపులోంచి పైట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారును తనంతట తానే ఆపే పెట్టె ఒకటి చెయ్యాలనుకోండి. “వాడటానికి సులువుగా ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి, చాలాకాలం మన్నాలి” అని రాసి ఇంజనీరు చేతిలో పెడితే అతనేం చేసుకోవాలి? అందులో కొలవగలిగింది ఒక్కటీ లేదు. పనికొచ్చే కాగితంలో ఇలా ఉంటుంది: సింగిల్ ఫేజ్, 1 హెచ్‌పీ దాకా మోటార్లకు మాత్రమే. 170 నుంచి 260 వోల్టుల మధ్య కరెంటు ఎటు ఊగినా పనిచెయ్యాలి. ట్యాంకు నిండిన 5 సెకన్లలో మోటారు ఆగాలి. సంపు ఎండిపోతే మోటారు 20 సెకన్లకు మించి ఉత్తినే తిరగకూడదు. కరెంటు పోయి వస్తే మట్టం మళ్ళీ చూసుకున్నాకే మోటారు వెయ్యాలి. మామూలు ఎలక్ట్రీషియన్ ఒక్కడే గంటలో బిగించగలగాలి. త్రీఫేజ్ బోరు మోటార్లకు ఇది కాదు.

అందులో “1 హెచ్‌పీ దాకా” అన్న ముక్క చూడండి. అంత మోటారు తిరిగేటప్పుడు 6, 7 ఆంపియర్లు లాగుతుంది. వేసిన క్షణంలో మాత్రం దానికి చాలా రెట్లు లాగుతుంది. కాగితంలో మోటారు సైజు లేకపోతే ఇంజనీరు తిరిగే కరెంటు ఒక్కటే చూసి 10 ఆంపియర్ల రిలే (మోటారుకు కరెంటు కలిపి, తెంపే స్విచ్) వేస్తాడు. ల్యాబులో బల్బు పెట్టి చూస్తే భేషుగ్గా ఉంటుంది. ఇళ్ళల్లో కొన్నాళ్ళకు రిలే లోపలి కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. ఇక మోటారు ఆగదు, రాత్రంతా ట్యాంకు పొంగి గోడలు నానుతాయి. నింద ఇంజనీరు మీద పడుతుంది, తప్పు కాగితానిది.

నీటి సంగతీ అంతే. బెంగళూరు సంపులో ఒకరోజు కావేరి, ఒకరోజు బోరు, ఒకరోజు ట్యాంకరు. మట్టం చూసే స్టీలు కడ్డీలకు ఎప్పుడూ డీసీ (ఒకే దిక్కున పారే) కరెంటు ఇస్తే ఒక కడ్డీ తినేసుకుపోతుంది. బోరు నీళ్ళ సున్నం వాటికి పేరుకుంటుంది. మధ్యమధ్య కొద్దిసేపు ఏసీ (దిక్కు మారుతూ పారే) కరెంటు ఇవ్వాలా, కడ్డీలు మానేసి ఫ్లోట్ పెట్టాలా అన్నది ఇంజనీరు చూసుకుంటాడు. కానీ “గట్టి బోరు నీళ్ళలో రెండేళ్ళు శుభ్రం చెయ్యకుండా పనిచెయ్యాలి” అని రాయాల్సింది మీవాడు అవుదామనుకుంటున్న మనిషే.

ధర దగ్గర ఇంకా జాగ్రత్త. దుకాణంలో 2,500కు అమ్మాలనుకుంటే 18 శాతం జీఎస్‌టీ తీసేశాక మిగిలేది 2,119. డీలరూ దుకాణమూ కలిసి 30 శాతం ఉంచుకుంటారనుకుందాం, కంపెనీకి వచ్చేది 1,483. అందులోంచే బిగింపు, పరీక్ష, అట్టపెట్టె, రవాణా, వారంటీలో తిరిగొచ్చిన పెట్టెలు, జీతాలు, లాభం. విడిభాగాలకు మిగిలేది ఏడెనిమిది వందలు. ఈ లెక్క ముందే వేస్తే “వైఫై, యాప్ కూడా పెడదాం” అన్న మాట చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. వైర్‌లెస్ పెడితే మాడ్యూలు ఖర్చుతో పోదు, వైర్‌లెస్ పరికరాలకు కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ అనుమతి చూసుకోవాలి, యాప్ పనిచెయ్యలేదని వచ్చే ఫోన్లకు మనిషిని పెట్టాలి. అపార్ట్‌మెంట్లో మోటారు వేసేది వాచ్‌మన్. యాప్ ఉండేది ఓనరు ఫోన్లో.

ఎక్కువమంది బోల్తాపడేది మనుషుల్ని అడగడంలో. “ఇలాంటి పెట్టె ఉంటే కొంటారా?” అంటే మర్యాదకైనా అందరూ కొంటామంటారు. ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. “చివరిసారి ట్యాంకు ఎప్పుడు పొంగింది? ఎవరు చూశారు? తర్వాత ఏం చేశారు?” అని జరిగిపోయిన సంగతి అడగాలి. ఓనర్లతో ఆపకూడదు. వాచ్‌మన్, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, ఎస్‌పీ రోడ్డులో ఇలాంటివి అమ్మే దుకాణదారు, అందరినీ కలవాలి. పాడై వెనక్కొచ్చిన పెట్టెలు దుకాణదారు చూపిస్తే అరగంటలో సగం కాగితం రాసేయొచ్చు. పన్నెండు, పదిహేనుమందిని కలిశాక విన్నవే వినపడటం మొదలవుతుంది. అప్పుడు ఆపొచ్చు.

ఇదంతా ముందే ఎందుకంటే, ప్లాస్టిక్ డబ్బాకు మౌల్డ్ (ఉక్కు అచ్చు) కోయించాక మార్పులు లక్షల్లో పడతాయి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. మౌల్డులో ఉక్కు ఇంకాస్త చెక్కి డబ్బాను మందం చెయ్యడం తేలిక. పలచన చెయ్యాలంటే ఉక్కు వెల్డింగ్ చేసి మళ్ళీ చెక్కాలి. పీణ్య పారిశ్రామికవాడలో ఈ అచ్చులు చేసే టూల్‌రూముల్లో ఎవరినడిగినా చెబుతారు.

అంకెలన్నీ కుదిరినా కాగితం తప్పే వీలుంది, అదీ చెప్పాలి. టాటా నానోకు లక్ష రూపాయల ధర లక్ష్యం ఉంది, స్కూటరు మీద నలుగురు పోయే కుటుంబానికి కారు అన్న స్పష్టతా ఉంది. 2008లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించారు, మరుసటి ఏడు అమ్మకానికి పెట్టారు. కానీ “అన్నిటికంటే చవక కారు” అన్న పేరు పడటం దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత అన్నారు. మొదటి కారు కొనే మనిషికి పరువు కూడా ఒక అవసరమే. అది ఏ గడిలో రాయాలో ఏ కోర్సూ నేర్పదు.

ఇక కోర్సు సంగతి. ఈ ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. దాచను. నేర్పేదంతా అబద్ధమని కాదు, పదజాలం, నమూనా ఫారాలు, నాలుగు కేస్ స్టడీలు బాగానే చెబుతారు. కానీ వాటిలో ఉదాహరణలు ఎక్కువగా యాప్‌లవే. యాప్‌లో తప్పు జరిగితే వచ్చేవారం సరిచెయ్యొచ్చు. గోడకు బిగించిన పెట్టెను అలా సరిచెయ్యలేం. పైగా కొత్తవాడి చేతికి వస్తువు నిర్ణయించే పని ఇచ్చే కంపెనీలు అరుదు. చాలామంది ఈ పనిలోకి పక్కదారిన వస్తారు: డిజైన్ నుంచి, సేల్స్ నుంచి, సర్వీసు నుంచి, టెస్టింగ్ నుంచి. “ప్లేస్‌మెంట్ సహాయం” అంటే ఉద్యోగం ఇప్పిస్తామని కాదు. కిందటి బ్యాచ్‌లో ఇంతకుముందు ఏ అనుభవమూ లేకుండా చేరి ప్రాడక్ట్ ఉద్యోగం తెచ్చుకున్న ముగ్గురితో మాట్లాడించమని అడగండి. నీళ్ళు నమిలితే జవాబు దొరికినట్టే.

మీతోనూ ఒక మాట, కోపగించుకోవద్దు. ఉత్తరమంతటిలో మీ అబ్బాయికి ఏ పని బాగా వచ్చో ఒక్క ముక్క రాయలేదు. “టెస్టింగ్” అన్న మాటను ఏదో తక్కువ పనిలా రాశారు. ఎంబీఏ చెయ్యమంటున్నారు, ఎందుకో రాయలేదు, పక్కింటివాళ్ళు చేయించారనా? మీ వాడు రోజూ చేసేదే ఈ వృత్తికి అక్షరాభ్యాసం. టెస్ట్ కేసు (ఎలా పరీక్షించాలో, ఏం రావాలో) రాయలేని వాక్యం అవసరం కాదు, ఉత్త కోరిక. ఏ వాక్యాన్ని పరీక్షించొచ్చో, ఏది గాలిమాటో రెండేళ్ళ టెస్టరుకు తెలిసినంతగా కొత్త ఎంబీఏకి తెలియదు. సంబంధాల వాళ్ళకు ఇంజనీరని చెప్పండి, అది నిజం.

మూడింట్లో ఏది అన్నారు కాబట్టి క్లుప్తంగా. చేతికి తగిలే వస్తువులే ఇష్టమైతే ఎం.డెస్. మంచి దారి. రెండేళ్ళు, పూర్తికాలం. మీ ఊళ్ళోనే ఐఐఎస్‌సీలో డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్ విభాగం ఉంది, పాతవాళ్ళు సీపీడీఎం అంటారు. ఎంబీఏ మంచి కాలేజీలో సీటొస్తేనే. మార్కెట్ వైపు, ధరల వైపు మొగ్గు ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది. సర్టిఫికెట్ చివర్న, అదీ ఉద్యోగం చేస్తూ, ఇంతకు నాలుగో వంతు ఫీజులో.

ఇప్పటికి మాత్రం ఉద్యోగం మానొద్దని చెప్పండి. కంపెనీలో కొత్త మోడల్ మొదలైనప్పుడు అవసరాల పత్రం సమీక్షకు తననూ కూర్చోబెట్టమని మేనేజర్ని అడగమనండి. టెస్టర్లు అడిగితే చాలాచోట్ల సంతోషంగా పిలుస్తారు. ఇంటి దగ్గర శని, ఆదివారాల్లో ఒక వస్తువు ఎంచుకుని పైన చెప్పినట్టు తిరిగి, రెండు పేజీలు రాయమనండి. ఎవరికి, వాళ్ళ ఇబ్బంది వాళ్ళ మాటల్లోనే, పదికి మించని అవసరాలు, ఒక్కోదాని పక్కన దాన్ని ఎలా పరీక్షిస్తామో, ఏవి చెయ్యబోమో, ధర లెక్క, ఇంకా తేలని ప్రశ్నలు. అది ముగ్గురు సీనియర్ ఇంజనీర్లకిచ్చి తప్పులు పట్టమనాలి. రెండు నెలలు పడుతుంది. మూడో వారానికే విసుగొస్తే ఈ వృత్తి అతనికి కాదు, మీకు 3 లక్షల 60 వేలు మిగిలాయి. విసుగు రాకపోతే ఆ రెండు పేజీలు సర్టిఫికెట్ కంటే ఎక్కువ ఇంటర్వ్యూల్లో అక్కరకొస్తాయి.

అందాకా సీటు ఆపుతామని అడిగే అడ్వాన్సు కట్టకండి. “ఈ రాత్రితో డిస్కౌంటు అయిపోతుంది” అని ఫోన్లొస్తాయి, వచ్చేవారం కూడా అదే డిస్కౌంటు ఉంటుంది. లోను కాగితం ఇంటికి తెప్పించి, మధ్యలో మానేస్తే వాయిదాల సంగతేమిటో రాసిన పేజీ మీరూ అబ్బాయీ కలిసి చదవండి.