సముద్రంలో ఆయిల్ లీకైతే మన రొయ్యల గుంటలకేంటి?

మీరు అడిగింది ఇదీ: సముద్రం మధ్యలో ఎక్కడో ఆయిల్ బావి అదుపు తప్పితే ఇంత గోల ఎందుకు, అంత నీళ్లలో కలిసిపోదా, అసలు ఎందుకు జరుగుతుంది, కావలి దగ్గర మా నాన్న రొయ్యల గుంటలకు దానితో ఏం పని? నేను కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో ఒక రిగ్ మీద, అంటే బావి తవ్వే వేదిక మీద, కొన్నేళ్లు మడ్ సెక్షన్‌లో పనిచేశాను. మాది ఇస్కపల్లి వైపు, మా ఇంట్లో వాళ్లకూ గుంటలున్నాయి. అందుకే రెండు వైపుల సంగతీ రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

బావి ఉన్నట్టుండి పేలదు. కింద రాతిపొరల్లో నూనె, గ్యాసు విపరీతమైన ఒత్తిడితో ఉంటాయి. వాటిని పైకి రానీయకుండా తొక్కిపట్టేది మేం పంపే మడ్, అంటే బరువు కలిపిన బురద. లోపలికి ఎంత పంపామో అంతే వెనక్కి రావాలి, ఎక్కువ వచ్చిందంటే కింద నుంచి ఏదో తోసుకొస్తోందన్నమాట, దాన్ని కిక్ అంటారు. ఒక రాత్రి షిఫ్టులో ట్యాంకు మట్టం కాస్త పెరిగినట్టు కనిపిస్తే డ్రిల్లర్‌కి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా పంపులు ఆపేశాడు, బావి పారుతోందేమోనని అందరం నిలబడి చూశాం. తీరా చూస్తే పక్క ట్యాంకు వాల్వు సరిగా పడక అందులోని మడ్ ఇటు వస్తోంది. రిగ్ గంటసేపు ఆగితే ఎంత డబ్బు పోతుందో అక్కడ అందరికీ తెలుసు, అయినా నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అలా అనని వాతావరణం ఉందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు ఎందుకు జరుగుతుందన్న మీ ప్రశ్నకు సగం జవాబు.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ మీద లేకపోయింది అదే. బీపీ అనే ఆయిల్ కంపెనీ తవ్విస్తున్న మకాండో బావి అది, అక్కడ నీటి లోతే దాదాపు 1,500 మీటర్లు. పని వారాల తరబడి ఆలస్యమైంది, బడ్జెట్ దాటిపోయింది. నూనె, గ్యాసు పైకి రాకుండా అడుగున పోసిన సిమెంటు సరిగా పట్టిందో లేదో చూసే లాగింగ్ కోసం వచ్చిన సిబ్బందిని, అవసరం లేదని ఆ ఉదయమే వెనక్కి పంపేశారు. సాయంత్రం నెగటివ్ ప్రెజర్ టెస్ట్ చేశారు, అంటే పైన బరువు తగ్గించి కింద నుంచి ఏమైనా ఎగదన్నుతుందేమో చూడటం. డ్రిల్ పైపులో సున్నా చూపించాల్సిన చోట ఒత్తిడి 1,400 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపించింది. ఆపడానికి ఆ ఒక్క అంకె చాలు. కానీ ఇంకో లైనులో ప్రవాహం లేదు కాబట్టి, ఈ 1,400కి ఏదో కారణం చెప్పుకుని టెస్ట్ పాసైందనుకున్నారు, బరువైన మడ్ తీసేసి సముద్రపు నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టారు. రాత్రి 9:49కి పేలింది, 11 మంది పోయారు. ఏడేళ్లుగా ఆ రిగ్ మీద పని ఆగేంత గాయం ఎవరికీ కాలేదని అభినందించడానికి కంపెనీల పెద్దలు ఆ రోజే అక్కడికి వచ్చి ఉన్నారు. అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

బీఓపీ (బ్లోఅవుట్ ప్రివెంటర్) ఉంటుంది కదా అంటారు. బావి మూతి మీద కూర్చునే పెద్ద యంత్రం అది, ఆఖరి దిక్కుగా పైపును కోసి బావిని మూసే కత్తులు అందులో ఉంటాయి. ఆ రోజు లోపలి పైపు వంగి పక్కకు జరిగింది, కత్తులు పూర్తిగా కోయలేకపోయాయి. జులై 15న మూత పడేదాకా 87 రోజులు నూనె కారుతూనే ఉంది. సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్లని కోర్టు తేల్చింది, మన లెక్కలో సుమారు 50 కోట్ల లీటర్లు.

ఇక కలిసిపోదా అన్న ప్రశ్న. తేలిక భాగం కొంత ఆవిరవుతుంది, కొంత సూక్ష్మజీవులు తింటాయి. మిగిలింది నీళ్లతో చిలికినట్టయి చిక్కటి మడ్డిగా, తర్వాత తారు ముద్దలుగా మారి ఒడ్డుకొస్తుంది లేదా అడుగుకి దిగుతుంది. పైన కనపడకుండా విడగొట్టడానికి అక్కడ దాదాపు 70 లక్షల లీటర్ల రసాయనం వాడారు, కానీ విడగొడితే నూనె మాయం కాదు, నీళ్లలోకి దిగి చేపపిల్లలు తిరిగే చోటికే వెళ్తుంది. లూసియానాలోని బరటారియా బేలో డాల్ఫిన్లకు ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి, కడుపుతో ఉన్నవాటిలో చాలావాటికి పిల్ల నిలవలేదు. రొయ్యల రైతుకు వెంటనే అర్థమయ్యే విషయం ఒకటుంది. నూనెను తీరానికి రాకుండా నెట్టాలని మిసిసిపీ నది మంచినీళ్లు వదిలారు, దానితో సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు శాతం, పడిపోయి ఆలిచిప్పలు కుప్పలుగా చచ్చాయి. నూనె తాకని చోట కూడా నష్టమే.

అమెరికా దూరం అనుకుంటే మన పక్కనే చూడండి. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొంటే, కారిన నూనెను జనం బకెట్లతో ఎత్తిపోశారు. అప్పుడది దక్షిణానికి, మెరీనా వైపు పోయింది. వేసవిలో మన తీరం వెంట నీరు ఉత్తరానికి నడుస్తుందని మన పట్టపోళ్లలో, అంటే సముద్రంలో వేటకు పోయేవాళ్లలో, ఎవరిని అడిగినా చెప్తారు. అదే ప్రమాదం ఏప్రిల్‌లో జరిగి ఉంటే ముందు పులికాట్, తర్వాత మనమే. మన హేచరీలు పంపు పెట్టి తోడేది సముద్రపు నీళ్లే, గుంటలకు పెట్టేది ఉప్పుటేటి నీళ్లే. నీళ్లు మార్చాల్సిన వారంలో ఏటి మొగలోకి నూనె వస్తే పంపు ఆపాలి, పంపు ఆపితే పంట పోతుంది.

సరిహద్దు కూడా అడ్డం కాదు. 2009 ఆగస్టులో ఆస్ట్రేలియా వైపు టిమోర్ సముద్రంలో మోంటారా బావి అదుపు తప్పింది, అక్కడా సిమెంటే సరిగా నిలవలేదు. 74 రోజులు కారిన నూనె ఇండోనేషియా దాకా వెళ్లి సముద్రపు నాచు సాగు చేసుకునే పేదల పంటను ముంచింది. దాదాపు 15,000 మంది తరఫున కేసు నడిచి, 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. పదమూడేళ్లు!

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గల్ఫ్‌లో కూడా పరిహారం అడిగినప్పుడు ముందు అడిగింది గత ఏళ్ల ఆదాయం కాగితాలు, చేతికి నగదు తీసుకుని చేపలమ్మే వాళ్లు అక్కడే చిక్కుకున్నారు. మన దగ్గర బోటు మీద వాటాకు పోయేవాడికి ఏ కాగితం ఉంది? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం వస్తేనే అంగట్లో అరువు పెట్టాల్సి వస్తోంది, అలాంటిది ఏ తేదీకి ముగుస్తుందో తెలియని నిషేధం వస్తే ఎలా బతుకుతారు?

అందుకే మీ నాన్నగారికి చెప్పండి, సీడు బిల్లులు, మేత బిల్లులు, పంట అమ్మిన చీటీలు, నీటి పరీక్ష రిపోర్టులు ఏడాదివారీగా దాచుకోమని. రామాయపట్నంలో పోర్టు, దాని దగ్గర రిఫైనరీ అంటున్నారు కదా, ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లి ఒకటే అడగండి, నూనె కారితే దాన్ని ఆపడానికి నీటి మీద వేసే తేలే అడ్డుకట్టలు, అంటే బూమ్‌లు, ఎన్ని మీటర్లు ఇక్కడే సిద్ధంగా ఉంచుతారు, ఎన్ని గంటల్లో ఏటి మొగకు అడ్డం వేస్తారు అని. మీ గుంటలకు నీళ్లు ఏ ఉప్పుటేటి నుంచి వస్తాయో కింద రాయండి, ఆ మొగ దగ్గర బూమ్ నిలుస్తుందో లేదో నాకు తెలిసినంతలో చెప్తాను.