పాత కారుకి ఇగ్నిషన్ సామాను: కొనే ముందు, బిగించే ముందు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది తల్లీ. బండి చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టవుతోందని, వేడెక్కాక మిస్సింగ్ (ఇంజన్ తడబడటం) మొదలై ఆగిపోతోందని, ఇగ్నిషన్ సామాను, అంటే ప్లగ్గుల్లో నిప్పు పుట్టించే పార్టులు, మొత్తం ఒకేసారి కొత్తది వేసేద్దామనుకుంటున్నావని రాశావు. దయచేసి ఆ పని చెయ్యకు. పాత కార్ల కోసం ఇప్పుడు తయారయ్యే కొత్త పార్టుల్లో మంచివీ ఉన్నాయి, డబ్బా విప్పినప్పుడే పాడైనవీ ఉన్నాయి. అన్నీ ఒకేసారి మార్చేస్తే పాత జబ్బు పోయిందో, కొత్తది అంటుకుందో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఒకటి మార్చి, ఇంజన్ బాగా వేడెక్కే దాకా నడిపి, ఫలితం చూశాకే రెండోదాని జోలికి వెళ్ళు. తీసిన పాతది పారెయ్యకు. కాస్తో కూస్తో పనిచేస్తున్న పాత పార్టు పరీక్షించని కొత్త పార్టు కంటే నమ్మకమైనది.

అసలు తప్పు ఇగ్నిషన్‌దేనా అన్నది ముందు తేల్చుకో. ఈసారి బండి ఆగిన వెంటనే, ఇంజన్ చల్లారకముందే, కాయిల్ (ఎక్కువ వోల్టేజీ పుట్టించేది) నుంచి డిస్ట్రిబ్యూటర్ (దాన్ని ఒక్కో ప్లగ్గుకీ పంచేది) క్యాప్‌కి వచ్చే లావు వైరును క్యాప్ వైపు ఊడదీసి, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, ఇంజన్ లోహానికి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచు. పక్కన ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. కార్బురేటర్‌కి దూరంగా, పెట్రోలు చెమ్మ ఎక్కడా లేకుండా చూసుకుని చెయ్యి. టపటపమని నీలంగా, గట్టిగా స్పార్క్ దూకితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టే. ఆ తర్వాత రోటర్‌నీ (క్యాప్ లోపల తిరుగుతూ కరెంటు పంచేది) క్యాప్‌నీ చూడు, లేదా పెట్రోలు వైపు వెతుకు. పసుపుపచ్చగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కండెన్సర్, కాయిల్, పాయింట్లలో (కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) ఏదో ఒకటి. వేడికి చేతులెత్తేసే అలవాటు ఎక్కువగా మొదటి రెండిటికే.

ఈ ఏర్పాటు తీరు తెలిస్తే సగం పని అయినట్టే. చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం దీని మీదే నడిచాయి. బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావు చుట్ల గుండా వచ్చి, మూసుకున్న పాయింట్ల మీదుగా ఎర్త్‌కి, అంటే బండి లోహపు బాడీకి, పోతుంటుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది క్యామ్ (కొమ్ములున్న భాగం) పాయింట్లను తెరవగానే ఆ కరెంటు తెగి, కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. దాంతో సన్నని చుట్లలో వేల వోల్టులు పుడతాయి. ప్లగ్గు దగ్గర నిప్పు అదే. తెరుచుకునే క్షణంలో పాయింట్ల మధ్య ఆర్క్ రాకుండా, కరెంటు టక్కున తెగేలా చూసేది కండెన్సర్. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే ఇదంతా సెకనుకి 100 సార్లు జరగాలి. అంత చిన్న కండెన్సర్ మీద ఎంత భారం ఉందో చూడు.

ఇక కొనడం సంగతి. కారు పేరూ మోడలూ చెప్పి పార్టు అడగకు. యాభై ఏళ్ళలో ఆ బండికి ఎవరు ఏ డిస్ట్రిబ్యూటర్ తగిలించారో ఎవరికి తెలుసు? దాని ఒంటి మీద గ్రీజు తుడిచి, టార్చి వేసి నంబరు చదువు. లూకస్ కంపెనీవైతే సాధారణంగా 25డీ4, 45డీ4 లాంటి రకం పేరు, ఐదంకెల నంబరు, పక్కనే తయారైన వారం, సంవత్సరం కొట్టి ఉంటాయి. పార్టు ఆ నంబరును బట్టి కొనాలి. 25డీ4, 45డీ4 దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని పాయింట్లు, రోటర్ రెండోదానికి పట్టవు. ఎంత నంబరు చూసి కొన్నా, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి రోటర్ ఎత్తు, పాయింట్ల మడమ (క్యామ్‌ని తాకే భాగం) ఆకారం పోల్చకుండా బిగించొద్దు.

పాత స్టాకు, అంటే ఆ రోజుల్లోనే తయారై డబ్బాలో ఉండిపోయిన సరుకు, కనబడితే వదలకు. పాయింట్లు, క్యాప్, రోటర్ అలాంటివి దొరికితే అదృష్టమే. కండెన్సర్ మాత్రం పాత స్టాకు వద్దు. లోపలి కాగితం ఏళ్ళ తరబడి చెమ్మ పీల్చుకుని ఉంటుంది, వాడకపోయినా పాడవుతుంది. రబ్బరు ప్లగ్ వైర్లూ అంతే, వంచితే పగుళ్ళిస్తాయి. కండెన్సర్ కొత్తదే కొను, ఒకటి కాదు రెండు కొను. కెపాసిటెన్స్ కొలిచే మీటరుంటే పెట్టి చూడు, చాలా కార్లకి 0.2 మైక్రోఫారడ్ అటూ ఇటూగా ఉండాలి. కానీ చల్లగా ఉన్నప్పుడు మీటరు మీద బాగా కనిపించి, వేడికి పడిపోయేవి ఉన్నాయి. అందుకే బిగించాక ఇంజన్ వేడి మీద నడపకుండా ఏదీ తేల్చకు.

రోటర్ విషయంలో మరీ జాగ్రత్త. ఇత్తడి పట్టీని రివెట్‌తో బిగించిన కొత్త రకాలు కొన్నిటిలో ఆ రివెట్ కొస లోపల షాఫ్ట్‌కి బాగా దగ్గరగా వస్తుంది. మధ్యలో మిగిలిన పలచని ప్లాస్టిక్‌ని చీల్చుకుని కరెంటు షాఫ్ట్‌లోకి దూకిందంటే, నడుస్తున్న బండి నడుస్తున్నట్టే చచ్చిపోతుంది. రివెట్ లేకుండా పోతపోసినవి దొరికితే అవే తీసుకో. ఉన్నదాన్ని పరీక్షించడం తేలికే. క్యాప్ తీసి, కాయిల్ లావు వైరు కొసను రోటర్ మీది ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని, తాళం ఆన్ చేసి, మూసుకున్న పాయింట్లను చెక్కపుల్లతో తెరువు. అలా తెరిచిన ప్రతిసారీ స్పార్క్ ఇత్తడి మీదకి గట్టిగా దూకుతుంటే ఆ రోటర్ లీకవుతున్నట్టే, చెత్తబుట్టలో వెయ్యి.

కాయిల్ కొనేటప్పుడు వోల్టులు చూస్తే సరిపోదు, ఓమ్‌లు కొలవాలి. మామూలు 12 వోల్టుల కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య దాదాపు 3 ఓమ్‌లు ఉంటుంది. బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కరెంటును తగ్గించే అడ్డు) కలిపి వాడే కాయిల్ 1.5 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. రెసిస్టర్ లేని బండికి ఈ రెండోది తగిలిస్తే 4 ఆంపియర్లు పోవాల్సిన చోట 8 పోతాయి. కాయిల్ చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతుంది, పాయింట్లు నల్లగా మాడిపోతాయి. వేడెక్కాక ఆగే బండికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇంకో సంగతి, పాత బ్రిటిష్ కార్లు చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ టెర్మినల్ బాడీకి కలిపి ఉంటుంది. అలాంటి బండిలో కాయిల్ ప్లస్ టెర్మినల్ డిస్ట్రిబ్యూటర్ వైపుకి రావాలి. నెగటివ్ ఎర్త్ బండిలో మైనస్ రావాలి. తారుమారు చేసినా బండి నడుస్తుంది, అదే చిక్కు. ప్లగ్గు దగ్గర ఎక్కువ వోల్టేజీ కావాల్సి వచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ ఇస్తుంది, జనం కార్బురేటర్‌ని తిడతారు.

పాయింట్లు బిగించేటప్పుడు తొందరపడకు. పాయింట్లు కూర్చునే ప్లేట్ మీది చిల్లుల్లో చిన్న గుడ్డముక్క కుక్కు, లేకపోతే ఆవగింజంత స్క్రూ జారి లోపల పడితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఊడదియ్యాలి. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన పలచని నూనె పొర ఉంటుంది, స్పిరిట్‌లో తడిపిన కాగితంతో తుడువు. అది కంటికి కనపడదు గానీ స్పార్క్ రాకుండా అడ్డుకుంటుంది.

రెండు ముక్కలుగా వచ్చే పాత రకం పాయింట్లలో అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది ఒక చిన్న ఫైబర్ వాషర్ దగ్గర. నిలువు పోస్టు మీద ముందు ఆ వాషర్ వెయ్యాలి. దాని మీద పాయింట్ స్ప్రింగ్ కన్ను రావాలి. ఆపైన కండెన్సర్ వైరు, కాయిల్ నుంచి వచ్చే సన్న వైరు, రెండు కొసలూ స్ప్రింగ్‌ని తాకాలి గానీ పోస్టును తాకకూడదు. అందుకే టోపీలాంటి ప్లాస్టిక్ బుష్ పైనుంచి ఆ కన్నుల్లోకి దిగి, పోస్టుకీ వాటికీ మధ్య గోడలా నిలుస్తుంది. చివర్న నట్టు. ఈ వరసలో ఒక్కటి తప్పినా కరెంటు నేరుగా ఎర్త్ అయిపోతుంది, పాయింట్లు తెరుచుకున్నా తెగదు. విప్పేముందే ఫోనులో ఒక ఫొటో తీసిపెట్టుకో.

అక్కడే ప్లేటును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే చిన్న ఎర్త్ వైరు ఉంటుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో నిప్పు పడే క్షణాన్ని మార్చేది) ప్లేటును అటూ ఇటూ తిప్పి తిప్పి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి పోగులు తెగిపోతాయి. మీటరు పెట్టి, వైరును వేళ్ళతో కదుపుతూ చూడు. దీన్ని పట్టించుకోక కాయిళ్ళు మార్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి చూడు. ప్లేటు కదిలి, పీల్చినంతసేపూ నిలబడాలి. షాఫ్ట్‌ని పక్కలకి ఊపి చూడు. బాగా ఊగితే బుష్ అరిగిపోయింది, ఎన్ని కొత్త పాయింట్లు వేసినా వాటి మధ్య గ్యాప్ నిలవదు.

గ్యాప్‌కి నీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. 25డీ4 లాంటివాటికి 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్ల మడమ క్యామ్ కొమ్ము మీదకి సరిగ్గా ఎక్కాకే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని పట్టీ) పెట్టు. పట్టీ ఇటూ అటూ పాయింట్లను తోసెయ్యకుండా, లాగితే కాస్త పట్టినట్టు అనిపించాలి. స్క్రూ బిగించాక మళ్ళీ కొలువు, బిగింపులో తప్పకుండా కదులుతుంది. క్యామ్‌కి గ్రీజు పూసినట్టు కనబడేంత చాలు, ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది.

గ్యాప్ మారితే టైమింగ్ (నిప్పు పడే క్షణం) మారుతుంది. పెంచితే అడ్వాన్స్ (ముందుగా), తగ్గిస్తే రిటార్డ్ (ఆలస్యంగా). అందుకే ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్, ఈ వరస ఎప్పుడూ మార్చకు. కాయిల్‌కి డిస్ట్రిబ్యూటర్ వైపు ఉన్న టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న బల్బు కలిపి, తాళం ఆన్ చేసి, ఇంజన్‌ను చేత్తో నడిచే దిక్కుకే తిప్పు. పుల్లీ మీది గుర్తు మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గరకి వచ్చేసరికి బల్బు వెలగాలి. వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి సరిచెయ్యి. పని అవగానే తాళం ఆఫ్ చెయ్యి. పాయింట్లు మూసి ఉండగా ఆన్‌లో వదిలేస్తే కాయిల్ ఉత్తపుణ్యానికి కాగిపోతుంది.

ప్లగ్గులకి మర (థ్రెడ్) పొడవు ముఖ్యం. పొడవు మరది పొట్టి మర హెడ్‌లో బిగిస్తే పిస్టన్‌కి తగలొచ్చు. హీట్ నంబరు (ప్లగ్గు ఎంత వేడిని వదిలించుకుంటుందో చెప్పే అంకె) కూడా కంపెనీని బట్టి తిరగబడుతుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు, బాష్‌లో పెరిగితే వేడి ప్లగ్గు. ప్లగ్ వైర్లలో రాగి తీగవి కొను. క్యాప్‌లో స్క్రూ గుచ్చి బిగించే పద్ధతికి కార్బన్ వైరు పనికిరాదు, గుచ్చినచోట కార్బన్ చిట్లిపోతుంది.

పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ కిట్ పెట్టమంటావా అని అడిగావు. బుష్ కాస్త అరిగిన డిస్ట్రిబ్యూటర్‌కి అది మేలే, నేను వద్దనను. కానీ ఇప్పుడే వద్దు. జబ్బు తెలియని బండికి కొత్త వస్తువు కలపడం సరికాదు. ఎప్పుడు పెట్టినా నీ బండి ఎర్త్‌కి తగిన కిట్, దానికి సరిపడే ఓమ్‌ల కాయిల్ చూసి కొను. గ్యాప్ పెట్టి ఉంచిన పాయింట్లు, కండెన్సర్ డిక్కీలో ఉంచుకో. పాయింట్లు పాడైతే స్క్రూడ్రైవర్‌తో రోడ్డు పక్కన సర్దుకోవచ్చు, మాడిపోయిన కిట్‌ని ఎవరూ సర్దలేరు.

ఈలోగా డిస్ట్రిబ్యూటర్ నంబరు, కాయిల్ ఓమ్‌లు, బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో రాసి పంపు. వేడి మీద ఆగినప్పుడు స్పార్క్ ఏ రంగులో వచ్చిందో కూడా రాయి. ఆ తర్వాతే ముందుగా ఏం కొనాలో చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య