మేడ మీద నుంచి ఆకాశంలో కనిపించే పక్షులను, విమానాలను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న అడిగినవారు మూడు సంగతులు తెలుసుకోగోరారు: ఖరీదైన పరికరాలు లేకుండా ఇంటి మేడ మీద నుంచే ఈ పని సాధ్యమా, దేనితో మొదలుపెట్టాలి, పొద్దుగూకిన తరువాత తమ ఇంటి మీదుగా చప్పుడు లేకుండా వెళ్తున్న, కాకి కంటే పెద్దవైన నల్లని ఆకారాలు ఏమిటి. నేను సికింద్రాబాదుకు ఉత్తరాన అల్వాల్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. హకీంపేట వైమానిక స్థావరం మాకు దగ్గరే కాబట్టి మా మేడ మీది ఆకాశంలో రెక్కలున్నవాటికి, రెక్కలు బిగించినవాటికి కూడా కొదవ లేదు. నా అనుభవంలో తేలినంతవరకు చెబుతాను.

నాకు ఆకాశం చూసే అలవాటు వడియాల కాపలాతో వచ్చింది. ఎండాకాలంలో మా అమ్మ మేడ మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, కాకులను తోలడానికి నన్ను పిట్టగోడ నీడలో కూర్చోబెట్టేది. చేతిలో కర్ర తప్ప చేయడానికి వేరే పని లేని పిల్లవాడు పైకి చూడక ఏం చేస్తాడు? అయితే ఆ రోజుల్లో నేను చూశానే తప్ప గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడం నేర్చుకున్నది 2020లో, మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయి, ఆకాశం పూర్తిగా పక్షులకే మిగిలినప్పుడు.

మొదలుపెట్టేవారు సాధారణంగా బొమ్మల పుస్తకం తెచ్చుకొని అందులోని పక్షులన్నింటినీ ఆకాశంలో వెతుకుతారు. అది దారి కాదని నా అభిప్రాయం. మీ ఇంటి మీద రోజూ కనిపించే ఒకే ఒక్క పక్షిని, అది రెక్క ఎలా వంచుతుందో కూడా చెప్పగలిగేంతగా చూడండి. మన ఊళ్లలో అందుకు గద్దను మించినది లేదు. ఉదయం ఎనిమిది గంటలకు అది సెల్ టవర్ మీదనో వాటర్ ట్యాంకు మీదనో ముడుచుకొని కూర్చొని ఉంటుంది. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైన తరువాత, దాదాపు తొమ్మిదిన్నర పది గంటలకు, రెక్క ఆడించకుండానే సుడులు తిరుగుతూ మేడ ఎత్తు నుంచి చుక్కంత అయ్యేవరకు పైకి పోతుంది. దాని తోక చివర లోపలికి కొద్దిగా చీలినట్లు ఉంటుంది. ఆ తోకను అది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, పడవ వెనుక చుక్కాని తిప్పినట్లు మెలితిప్పుతూనే ఉంటుంది. మా వీధి చివర మాంసం దుకాణం ముందు ఆదివారాలు వ్యర్థాలు పారేసినప్పుడు గద్దలు నేల మీద వాలకుండానే కాళ్లతో తన్నుకుపోయి, ఎగురుతూనే కాలిని ముక్కు దాకా మడిచి తినడం పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఈ తోక, ఈ తిండి తీరు కంటికి అలవాటైన తరువాత, గద్ద కానిది ఏది వచ్చినా "ఇది వేరే" అని కన్ను ముందే చెబుతుంది. పేరు తరువాత వెతుక్కోవచ్చు.

అలా వేరుగా కనిపించిన వాటిలో మొదటిది గరుడ పక్షి. తోక చివర చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది, తలా రొమ్మూ తెలుపు, మిగిలిన ఒళ్లంతా ఇటుక రంగు. మా అమ్మ దాన్ని చూస్తే వెంటనే చేతులు జోడించేది. రెండోది డేగ. నాలుగైదుసార్లు గబగబా రెక్కలు కొట్టి, కాసేపు జారి, మళ్లీ కొడుతుంది. అది వచ్చిన సంగతి నాకంటే ముందు మా వీధి ఉడుతలకు, రామచిలుకలకు తెలుస్తుంది. అరుపులు ఉన్నట్టుండి మారిపోతే చెట్ల కొమ్మల్లో కాదు, చెట్లకు పైన ఆకాశంలో చూడాలి. వానకోయిలలు అని పిలిచే రెండు రకాల పక్షుల విషయంలో చాలామంది పొరబడతారు. సాయంత్రం మేడల మధ్య కొడవలి ఆకారపు రెక్కలతో దూసుకుపోయే స్విఫ్టులు కరెంటు తీగ మీద ఎప్పటికీ కూర్చోవు, వాటి కాళ్లు అందుకు పనికిరావు. చలికాలంలో తీగ మీద వరుసగా కూర్చున్నవి కనిపిస్తే అవి స్వాలోలు.

రంగును నమ్ముకోవద్దని నా సలహా. ఆకాశం వెలుతురులో ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. మెడ, కాళ్లు, రెక్క కొట్టే వేగం మాత్రం మోసం చేయవు. తెల్లకొంగలు ఎగిరేటప్పుడు మెడను ముడిచి భుజాల మధ్య పెట్టుకుంటాయి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మెడను ముందుకు సూటిగా చాచి ఎగురుతాయి. పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే రాజహంసలు ముందు మెడ, వెనుక కాళ్లు రెండూ చాచి కర్రకు రెక్కలు తొడిగినట్లు వెళ్తాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున ఒక పూట నిలబడితే ఈ తేడాలన్నీ పుస్తకం అక్కరలేకుండా వస్తాయి, ఎందుకంటే అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు తల మీదుగా తక్కువ ఎత్తులో వాలుతూ లేస్తూ ఉంటాయి.

గూడబాతుల చేత నేను ఒకసారి ఘోరంగా మోసపోయాను. ఒక డిసెంబరు మధ్యాహ్నం చాలా ఎత్తున పదీ పన్నెండు తెల్లని చుక్కలు బాణం మొన ఆకారంలో కనిపించాయి. మన దుండిగల్ వైమానిక దళ అకాడమీలో జూన్, డిసెంబరు నెలల్లో పట్టభద్రుల కవాతు జరుగుతుంది, దాని ముందు రోజుల్లో విన్యాసాల అభ్యాసం ఉంటుంది. కాబట్టి అవి విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు విమానాలే అనుకొని ఇంట్లో అందరినీ మేడ మీదకు పిలిచాను. అందరూ వచ్చేసరికి చుక్కలు ఒక్కటీ లేవు. మా అబ్బాయి కిందికి వెళ్లబోతుండగా అవన్నీ ఒక్కసారిగా మళ్లీ తెల్లగా మెరిశాయి. సుడి తిరిగేటప్పుడు ఎండ రెక్కల మీద పడితే తెల్లగా మెరవడం, పక్కకు తిరిగితే ఆకాశంలో కలిసిపోవడం గూడబాతుల గుంపు లక్షణమని అప్పుడు తెలిసింది. సూర్యకిరణ్ జట్టులో తొమ్మిది హాక్ విమానాలు ఉంటాయి, అవి వస్తే కిటికీ అద్దాలు చెబుతాయి. చప్పుడు లేదన్న ఒక్క సంగతి గమనించి ఉంటే నాకు ఆ నవ్వులు తప్పేవి.

చప్పుడు మాట వచ్చింది కాబట్టి విమానాలకు వస్తాను. విమానం మోత వినిపించిన వైపు చూస్తే విమానం కనిపించదు. పది కిలోమీటర్ల ఎత్తున పోతున్న విమానం నుంచి శబ్దం మన దాకా రావడానికి అరనిమిషం పడుతుంది, ఆలోగా అది ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోతుంది. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కప్పుతుంది. మోత నడినెత్తి మీద వినిపిస్తుంటే, అది పోతున్న దిక్కుగా అక్కడి నుంచి మూడు నాలుగు పిడికిళ్లు ముందుకు వెతకండి, దొరుకుతుంది. నేను ఇది తెలియక మొదటి ఏడాదంతా ఖాళీ ఆకాశాన్ని చూశాను.

రకాలు గుర్తుపట్టడంలో కూడా గద్ద సూత్రమే పనిచేస్తుంది. మన ఆకాశంలో ఎక్కువగా తిరిగేది ఎయిర్‌బస్ 320 కుటుంబం కాబట్టి దాన్ని బాగా చూసుకోండి. బోయింగ్ 737 కూడా దానిలాగే కనిపిస్తుంది గాని, పెద్ద చక్రాలను పూర్తిగా కప్పే తలుపులు దానికి ఉండవు. అందువల్ల చక్రాలు ముడుచుకున్నాక కూడా పొట్ట మీద రెండు నల్లని గుండ్రాలు కింద నుంచి కనిపిస్తాయి. దూలంలా రెక్క పైన ఉండి, రెండు ప్రొపెల్లర్లతో తీరికగా పోయేది ఏటీఆర్. రెక్కల కొనలు విల్లులా పైకి వంగి ఉంటే బోయింగ్ 787 అయ్యే అవకాశం ఎక్కువ.

రాత్రి పూట దీపాలే ఆధారం. విమానం ఎడమ రెక్క కొసన ఎరుపు, కుడి రెక్క కొసన ఆకుపచ్చ, తోక వైపు తెలుపు దీపాలు ఉంటాయి. మీ ముందు కుడి నుంచి ఎడమకు పోతుంటే ఎరుపు, ఎడమ నుంచి కుడికి పోతుంటే ఆకుపచ్చ కనిపిస్తుంది. రెండూ ఒకేసారి కనిపిస్తే అది మీ వైపే వస్తోంది. మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా, నిలకడైన వెలుగుతో పోతూ నడి ఆకాశంలో హఠాత్తుగా ఆరిపోతే అది విమానం కాదు, భూమి నీడలోకి వెళ్లిన కృత్రిమ ఉపగ్రహం. వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం.

విమానం ఏ వైపు నుంచి వస్తుందో గాలిని బట్టి ముందే చెప్పవచ్చు. శంషాబాద్‌లోనూ బేగంపేటలోనూ రన్‌వేలు దాదాపు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానాలు గాలికి ఎదురుగా ఎగిరి, ఎదురుగా దిగుతాయి కాబట్టి, పడమటి గాలులు వీచే వానాకాలంలో తూర్పు నుంచి వచ్చి దిగుతాయి, చలికాలపు తూర్పు గాలుల్లో అది తిరగబడుతుంది. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్ తెరిస్తే పైన పోతున్న విమానం పేరు, ఎత్తు, గమ్యం చెబుతుంది. ముందు మీ కంటితో ఊహించి, తరువాత యాప్ తెరిచి సరిచూసుకోండి. ముందే తెరిస్తే ఏమీ నేర్చుకోలేరు. అయినా హకీంపేట నుంచి మా మీదుగా తిరిగే చేతక్ హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు సాధారణంగా అందులో కనిపించవు, వాటికి కన్నే దిక్కు. కంటితో చూడకుండా నేను పోగొట్టుకున్నది కూడా ఉంది: ఆరు ఇంజిన్ల ఆంటొనోవ్ 225 విమానం 2016 మేలో శంషాబాద్‌లో దిగినప్పుడు, మళ్లీ ఎప్పుడైనా వస్తుందిలే అని ఎండకు భయపడి వెళ్లలేదు. లోకంలో ఆ ఒక్కటే ఉండేది, 2022లో యుక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది.

పక్షులను, విమానాలను రెండు వేర్వేరు సరదాలుగా చూడలేకపోవడానికి నాకు ఇంకొక కారణం ఉంది. మాంసం దుకాణం ముందు గద్దలు ముసిరే సమయం, అవి సుడి ఎక్కే సమయం, శిక్షణ విమానాలు తిరిగే సమయం దాదాపు ఒకటే. ఒక్క ఇంజినే ఉన్న శిక్షణ విమానంలోకి ముప్పావు కిలో గద్ద దూరితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు బహిరంగంగా జంతువధ చేయకూడదని, చెత్త పారబోయకూడదని మన విమానయాన నియమాల్లో ఉంది. ఆ నియమం ఎందుకు పుట్టిందో ఒక ఆదివారం మేడ ఎక్కితే అర్థమవుతుంది.

పరికరాల గురించి కొద్దిగా. మొదటి ఆరు నెలలు ఏదీ కొనకండి. తరువాత కొంటే ఎనిమిది రెట్లు పెంచి చూపే 8×42 బైనాక్యులర్ చాలు, అంతకంటే ఎక్కువ పెంచి చూపేది చేతి వణుకును కూడా పెంచుతుంది. ఉదయం పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు, అంటే సూర్యుడు వీపు వెనుక ఉండేలా నిలబడండి. సూర్యుడి దరిదాపుల్లోకి బైనాక్యులర్ తిప్పవద్దు, కన్ను పోతుంది. వైమానిక స్థావరాలకు దగ్గర్లో ఉంటే స్థావరం వైపు కెమెరా ఎక్కుపెట్టవద్దు, అది నేరం. గద్దల ఫొటో అని చెప్పినా వినేవారు ఉండరు.

ఇక మీ నల్లని ఆకారాల సంగతి. కాకులు చీకటి పడకముందే గూళ్లకు చేరతాయి కాబట్టి అవి కాకులు కావు. రెక్కలను ఒకే తూకంతో నెమ్మదిగా, లోతుగా కొడుతూ, మధ్యలో ఎక్కడా గద్దలా జారకుండా, వెనుక తోక అన్నది లేకుండా పోతున్నాయా అని రేపు చూడండి. అలా అయితే అవి పక్షులే కావు, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. రెక్కలు చాస్తే నాలుగడుగుల దాకా ఉంటాయి. అవి వస్తున్న దిక్కున నడిచి వెళ్తే, పగలంతా అవి తలకిందులుగా వేలాడే పాత చింతచెట్టో మర్రిచెట్టో మీకు కనిపించాలి. వెళ్తున్న దిక్కున ఏ సపోటా తోటో జామ తోటో ఉండి ఉంటుంది.