శాకాహారినని చెప్పి అప్పుడప్పుడు తినే తమ్ముడికి

"మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. ఇక్కడ రూమ్మేట్స్‌తో కలిసి వీకెండ్‌లో చికెన్ బిర్యానీ తింటున్నాను. ఆఫీసులో మాత్రం వెజిటేరియన్ననే చెప్పాను. అమ్మకు తెలిస్తే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది" అని రాశావు తమ్ముడూ. తినడం తప్పా ఒప్పా అనేది నేను తేల్చను. అది నీ ఇష్టం, మీ ఇంటి ఆచారం. కానీ నీకింకా తట్టని చిక్కు ఒకటుంది. మనిషికో మాట చెబుతూ పోతే నిన్ను భోజనానికి పిలిచేవాళ్ళు మెల్లగా తగ్గిపోతారు. పిలుపులు లేని చలికాలం ఈ అమెరికాలో ఎలా ఉంటుందో ఒహాయో రాష్ట్రంలో నేను అనుభవించాను.

మన దగ్గర ఈ విషయంలో ఎవరికీ వివరించక్కర్లేదు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మాంసాహారులు 98 శాతం పైనే ఉన్నారు. అయినా ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్ళు సైతం కార్తీకంలో ముట్టరు. కొందరు శనివారం తినరు, కొందరు మంగళవారం తినరు. ఇంట్లో వండనివ్వకుండా బయట తినేవాళ్ళున్నారు, ముక్కలు పక్కకు నెట్టి పులుసు మాత్రం కలుపుకునేవాళ్ళున్నారు. వండే అత్తయ్యకో పిన్నికో ఎవరి పద్ధతేమిటో తెలిసే ఉంటుంది. తెలియకపోయినా పప్పు, పెరుగు, పచ్చడి ఎలాగూ ఉంటాయి కాబట్టి ఎవరూ ఆకలితో లేవరు. ఇక్కడ నిన్ను పిలిచే మనిషికి నీ వారాలూ తెలియవు, మాసాలూ తెలియవు. నువ్వు చెప్పిన ఒక్క మాట పట్టుకునే ఆమె బజారుకు వెళ్ళాలి.

నేను ఒహాయోలోని కొలంబస్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నీలాగే వెజిటేరియన్ననేదాన్ని. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఆమ్లెట్ అలవాటైంది, తర్వాత చికెన్ కూడా. మా టీమ్‌లో పెద్దావిడ ఒకరు నన్ను నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ భోజనానికి వాళ్ళింటికి పిలిచారు. వెళ్ళేసరికి బల్ల మీద ఒక పక్కన మూడు చిన్న గిన్నెలు, వాటి మీద నా పేరు రాసిన కాగితాలు. బ్రెడ్ స్టఫింగ్‌ను టర్కీ కోడి ఉడికించిన నీళ్ళు పొయ్యకుండా కూరగాయల నీళ్ళతో విడిగా చేశారు. గ్రేవీ పుట్టగొడుగులతో. చిలగడదుంపల మీద వేసే మార్ష్‌మాలో మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉందని డబ్బా వెనక చదివి, నా గిన్నెలో అవి వెయ్యకుండా వేయించిన పెకాన్ పప్పులు చల్లారు. ఇంత చేశాక టర్కీ పళ్ళెం నా దాకా వచ్చింది. అందరూ తింటున్నారు కదాని నేనూ ఒక ముక్క వేసుకున్నాను. ఆవిడ చూసి, "అయ్యో, నువ్వు తింటావని నాకు తెలియదు" అన్నారు. అంతే. కోపం లేదు. కానీ ఆ మూడు గిన్నెల కోసం ఆవిడ ఎంతసేపు నిలబడి ఉంటారో అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత టీమ్ లంచ్‌కు అన్నీ పందిమాంసపు పెపరోనీ వేసిన పిజ్జాలే తెప్పించారు, నేను తింటానని వాళ్ళకు నమ్మకం కుదిరింది కాబట్టి. నేనేమో పోర్క్ తిననని పక్కన కూర్చున్నాను. తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే తంతు. ఒకింట్లో నాకోసం గుత్తివంకాయ చేస్తే మటన్ వేసుకున్నాను. మళ్ళీ పిలిచినప్పుడు వాళ్ళు నాకని విడిగా ఏమీ చెయ్యలేదు, అప్పుడేమో కార్తీకమని పెరుగన్నం అడిగాను. ఎవరూ నన్ను మాట అనలేదు. నాకేం వండాలో తెలియక పిలవడం మానేశారు.

డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. అప్పటికి మన ఊళ్ళో తెల్లవారుజాము మూడున్నర. ఫోన్ చేద్దామన్నా లేచి ఉండేవాళ్ళుండరు. మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసుకుని, కంప్యూటర్ ముందు ఒక్కదాన్నే తినేదాన్ని. పక్క వాటాలో వాళ్ళ నవ్వులు గోడలోంచి వినిపించేవి. కొత్తగా వచ్చిన పిల్లలు అద్దె గురించి, వీసా గురించి భయపడతారు. వాటికి దారులుంటాయి, అడిగితే చెప్పేవాళ్ళుంటారు. ఒక్కళ్ళే తినడం అలవాటైపోతే మాత్రం బయటపడడం చాలా కష్టం తమ్ముడూ.

నేను బయటపడ్డాను. ఎలాగంటే, నా పద్ధతి ఏమిటో ముందు నేను తేల్చుకుని, అందరికీ అదే మాట చెప్పాను: "చికెన్, చేప తింటాను. బీఫ్, పోర్క్ తినను. శనివారాలు, శీతాకాలం మొదట్లో ఒక నెల పూర్తిగా శాకాహారం." ఇంత చెబితే విచిత్రంగా చూస్తారేమో అనుకున్నాను. ఎవరూ చూడలేదు. వేరుశనగ పడని పిల్లలకు, యూదుల కోషర్ ఆహార నియమాలు పాటించేవాళ్ళకు, హలాల్ చూసుకునేవాళ్ళకు వండి వాళ్ళకు అలవాటే. ఆ పెద్దావిడ ఇంటికి పులిహోర చేసి తీసుకెళ్ళి ఈ మాటే చెప్పాను. అప్పటినుంచి అక్టోబరు రాగానే ఆవిడే అడుగుతారు, "నీ నెల ఈసారి ఎప్పుడు మొదలు?" అని. కొన్నేళ్ళు థాంక్స్‌గివింగ్ కార్తీకంలోనే పడుతుంది, ఆ ఏడాది నా గిన్నెలు మళ్ళీ విడిగా వస్తాయి.

నువ్వు పూర్తి శాకాహారిగానే ఉంటానంటే అదీ మంచిదే. అప్పుడు డబ్బాలు చదవక తప్పదు. మన ఆకుపచ్చ చుక్క ఇక్కడ ఉండదు. వెజిటేరియన్ అంటే గుడ్డు తింటావనే అనుకుంటారు. మెక్సికన్ బీన్స్‌లో పందికొవ్వు, థాయ్ కూరల్లో చేపల సాస్, సీజర్ సలాడ్‌లో ఆంచొవీ చేపలు ఉండొచ్చు. ఫ్రెంచ్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ గురించి మెక్‌డొనాల్డ్స్ మీద కేసు పడి, 2002లో కోటి డాలర్లతో రాజీ కుదిరిన సంగతి వినే ఉంటావు. విమానంలో హిందూ మీల్ అని అడిగితే చికెన్ రావచ్చు, ఏషియన్ వెజిటేరియన్ అని అడగాలి. మిగతావి వెతికితే దొరుకుతాయి.

ఇక అమ్మ సంగతి. నువ్వు రాసినదాన్ని బట్టి, తినేటప్పుడు అమ్మ వీడియో కాల్ వస్తే ఎత్తవు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు నీ పళ్ళెంలో బిర్యానీ, అక్కడ ఆదివారం ఉదయం ఎనిమిది, అమ్మ కాఫీ పెట్టుకుని తీరిగ్గా కూర్చునే వేళ. వారంలో మీ ఇద్దరికీ కలిసే సమయమే అది. అది పోగొట్టుకుంటున్నావు. నాలుగు రోజులు కోప్పడినా ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తారు. మా అమ్మ కొన్నాళ్ళు ముభావంగా ఉండి, చివరికి "దేవుడికి వండే గిన్నెలు విడిగా పెట్టుకో" అంది. ఎలా చెప్పాలో తెలియకపోతే ముందు మీ అక్కకో పిన్నికో చెప్పు, వాళ్ళు దారి చేస్తారు.

ఆఫీసులో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు షీట్‌లో నీ పేరు పక్కన ఏం తింటావో ఏం తినవో ఈ వారమే రాసిపెట్టు. రూమ్మేట్స్‌కూ అదే చెప్పు, కిరాణా లెక్కలు కూడా తేలికవుతాయి. వచ్చే ఆదివారం ఎవరినైనా ఇద్దరిని నువ్వే భోజనానికి పిలువు. టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగు చాలు. వాళ్ళేం తింటారో ముందే అడుగు.