పదాలాటలో మావయ్యగారు తడబడుతున్నారు.. మతిమరుపు మొదలైనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా మావయ్యగారికి 67 ఏళ్ళు. ఒక ఫ్యాక్టరీ మెషీన్ షాపులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పదేళ్ళకు పైగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆయనకి మాటల ఆటలంటే ప్రాణం. ఆదివారం సాయంత్రం మేడ మీద మా ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళు, ఆయన పాత స్నేహితులు కలిసి పద్యాల అంత్యాక్షరి, పొడుపుకథలు ఆడతాం. పిల్లలకి అన్నీ నేర్పింది ఆయనే. కొన్ని నెలలుగా అంత్యాక్షరిలో తప్పు అక్షరం అందుకుంటున్నారు. మా పాప ‘క’ అంటే ‘ప’తో పద్యం మొదలుపెడతారు. పిల్లలు నవ్వితే చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోతున్నారు. ఈమధ్య తలనొప్పి అని మేడ మీదకే రావడం లేదు. పొద్దున పేపర్లో గళ్ళ నుడికట్టు మాత్రం ఎప్పటిలాగే పూర్తి చేస్తున్నారు. టీవీ సౌండు బాగా పెంచుతున్నారు. మా ఆడపడుచు అల్జీమర్స్ అని భయపడి ఎమ్మారై తీయించమంటోంది. మావారేమో వయసు కదా, వదిలెయ్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? ఆయన్ని ఆటకి రమ్మని బలవంతపెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆయన చెవులు పరీక్ష చేయించండి. ఎమ్మారై సంగతి తర్వాత చూద్దాం. మనిషిని చూడకుండా ఇదే జబ్బు అని చెప్పలేను. కానీ మీరు రాసినదాన్ని బట్టి నాకు జ్ఞాపకశక్తి కన్నా వినికిడి మీదే ఎక్కువ అనుమానంగా ఉంది.

గళ్ళ నుడికట్టు నింపడం తేలికైన పని కాదు. ఆధారం చదివి అర్థం చేసుకోవాలి, అడ్డం మాట నిలువు మాటతో కలుస్తుందో లేదో చూసుకోవాలి, ఎప్పుడో చదివిన పదాన్ని వెతికి పట్టుకోవాలి. మాటల్ని గుర్తుతెచ్చుకునే శక్తి తగ్గుతూ ఉంటే సాధారణంగా అక్కడ కూడా ఖాళీ గళ్ళు మిగలడం మొదలవుతుంది. మీ మావయ్యగారు కాగితం మీద తడబడటం లేదు. చెవితో విని జవాబు చెప్పాల్సిన చోటే తడబడుతున్నారు, అదీ చిన్నపిల్ల చెప్పిన అక్షరం దగ్గర.

వయసుతో వచ్చే వినికిడి లోపమైనా, ఏళ్ళ తరబడి యంత్రాల మోతలో పనిచేసినవాళ్ళకి వచ్చేదైనా, సాధారణంగా సన్నటి, పై ఫ్రీక్వెన్సీ శబ్దాలతోనే మొదలవుతుంది. మన మాటల్లో అచ్చులు బలంగా, కింది ఫ్రీక్వెన్సీలో వినిపిస్తాయి. క, ప, త, చ, స లాంటి హల్లుల్ని ఒకదాని నుంచి ఒకటి వేరుగా పోల్చుకోవాలంటే మాత్రం పై ఫ్రీక్వెన్సీలు అందాలి. అవి అందకపోతే ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతుంది, ఏమంటున్నారో తెలియదు. అంత్యాక్షరిలో ఆట అంతా చివరి అక్షరం మీదే కదా. ‘క’లో అకారం చెవిన పడి, హల్లు జారిపోతే మనిషి ఊహించి ఏదో ఒకటి అందుకుంటాడు. పైగా పిల్లల గొంతు సన్నం. ఆరుబయట మేడ, సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలి, కింద రోడ్డు మీద హారన్లు, నలుగురూ ఒకేసారి మాట్లాడటం. చెవి కాస్త బలహీనపడ్డవాళ్ళకి ఇంతకన్నా కష్టమైన చోటు ఉండదు.

రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్‌కి మించిన మోతలో, చెవులకి రక్షణ లేకుండా ఏళ్ళ తరబడి పనిచేస్తే లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. అవి మళ్ళీ పుట్టవు. విశాఖ లాంటి పరిశ్రమల ఊళ్ళో రిటైరైన ఎందరో మగవాళ్ళు ఈ లోపంతోనే బతుకుతుంటారు. మెల్లగా వస్తుంది కాబట్టి వాళ్ళకే తెలియదు. ‘మీరందరూ గొణుగుతున్నారు’ అంటారు. ఆ మాట మీ ఇంట్లో కూడా వినే ఉంటారు.

ఇంకో విషయం. సరిగా వినపడనప్పుడు మెదడు తన శ్రమంతా ఆ మాట ఏమిటో పట్టుకోవడానికే పెడుతుంది. పద్యం గుర్తుతెచ్చుకోవడానికి ఓపిక మిగలదు. అరగంట అలా కష్టపడితే నిజంగానే తల బరువెక్కుతుంది. కాబట్టి తలనొప్పిని సాకు అనుకోకండి.

మీవారు ‘వయసు కదా, వదిలెయ్’ అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకి, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులకి దారితీసే, మనం సరిదిద్దుకోగల కారణాలు 14 ఉన్నాయని లెక్కగట్టింది. వాటిలో వినికిడి లోపం, షుగర్, బీపీ, డిప్రెషన్, నలుగురికీ దూరమై ఒంటరి కావడం ఉన్నాయి. మీ మావయ్యగారికి షుగర్ ఉంది, వినికిడి మీద అనుమానం ఉంది, ఇప్పుడు ఆదివారం ఆట కూడా మానేస్తున్నారు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ చివరిదే. ఆయన నేర్పిన ఆట నుంచి ఆయనే పక్కకి తప్పుకోవడం.

వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, లేదా మీకు తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకైనా వెళ్ళండి. ఒక్కోసారి గట్టిపడిన గులిమి తీస్తేనే సగం సమస్య పోతుంది. తర్వాత ఏ శబ్దం ఎంతవరకు వినపడుతోందో కొలిచే ఆడియోగ్రామ్ తీస్తారు. నొప్పి ఉండదు, అరగంట పని. లోపం తేలితే హియరింగ్ ఎయిడ్ వాడాలి. డాక్టర్, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) చూసి ఆయన చెవికి సరిచేసి ఇచ్చినదే తీసుకోండి, ఆన్‌లైన్‌లో దొరికే చవక యాంప్లిఫయర్లు కొనకండి. మొదటి వారాల్లో అన్ని శబ్దాలూ మీద పడినట్టు ఉంటుంది, విసుక్కుని తీసి సొరుగులో పడేస్తారు. అప్పుడే మీరు దగ్గరుండి రోజుకి కొంతసేపు చొప్పున అలవాటు చేయించాలి. వినికిడి సాయంతో మెదడుకి మేలు జరుగుతుందా అని 2023లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూసింది. అందరినీ కలిపి లెక్కిస్తే తేడా కనపడలేదు. జ్ఞాపకశక్తి తగ్గే ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో మాత్రం మూడేళ్ళలో ఆ తగ్గుదల వేగం 48 శాతం నెమ్మదించింది.

రక్తపరీక్షల్లో విటమిన్ బీ12 తప్పనిసరిగా చేయించండి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడినవాళ్ళలో అది తగ్గే అవకాశం ఉంది. తగ్గితే మతిమరుపు, నీరసం, అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తాయి. మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో సరిచేయొచ్చు. అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపేయకండి. థైరాయిడ్ కూడా చూడాలి. జలుబుకి, నిద్రకి మందుల షాపులో కొనుక్కుని వేసుకునే మాత్రలు ఏమైనా ఉంటే డాక్టర్‌కి చూపించండి, వాటిలో కొన్ని పెద్దవాళ్ళ బుర్రని మందగింపజేస్తాయి.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం మిగిలితే అప్పుడు న్యూరాలజిస్ట్ జ్ఞాపకశక్తి పరీక్షలు చేస్తారు. చెవుల సంగతి ముందు చూడమనడానికి ఇదీ ఒక కారణం. ఆ పరీక్షల్లో చాలావరకు మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. వినపడనివాళ్ళకి మార్కులు తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది.

ఇక ఆట. బలవంతపెట్టొద్దు, కానీ మాననివ్వనూ వద్దు. ఆటనే ఆయనకి వీలుగా మార్చండి. కొన్నాళ్ళు మేడ మీద కాకుండా హాల్లో కూర్చోండి. టీవీ ఆపేసి, లైటు వెలుతురు మాట్లాడేవాళ్ళ ముఖం మీద పడేలా, ఆయనకి ఎదురుగా కూర్చోవాలి. పెదవుల కదలిక కనిపిస్తే సగం మాట అక్కడే అందుతుంది. అక్షరం ఒక్కటే చెప్పకుండా ‘కమలంలో క’ అని చెప్పమని పాపకి నేర్పండి. ఇంకా మంచిది, పలక మీద రాసి చూపించమనండి. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. గట్టిగా అరవొద్దు, అరిస్తే హల్లులు ఇంకా చెదిరిపోతాయి. నిదానంగా, స్పష్టంగా అంటే చాలు. ఆయన ఆలోచిస్తుంటే పక్కనుంచి అందించకండి. తాతగారికి వినపడటం కష్టంగా ఉందని, నవ్వకూడదని పిల్లలకి విడిగా కూర్చోబెట్టి చెప్పండి. చెబితే పిల్లలు పెద్దలకన్నా బాగా అర్థం చేసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయనకి మతిమరుపు ఉందో లేదో తేల్చుకోవడానికి ఆ ఆటని వాడకండి. మీ ఆడపడుచుకి కూడా ఈ మాట చెప్పండి.

పదాల ఆటలు డిమెన్షియా రాకుండా ఆపుతాయని నేను హామీ ఇవ్వలేను. మేలు చేస్తాయనడానికి మాత్రం ఆధారాలు ఉన్నాయి. 2022లో అమెరికాలో, స్వల్పంగా జ్ఞాపకశక్తి తగ్గిన 107 మందికి ఏడాదిన్నర పాటు కొందరికి కంప్యూటర్ ఆటలు, కొందరికి గళ్ళ నుడికట్టు ఇచ్చి చూస్తే నుడికట్టు నింపినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. భాషతో మెదడుకి పని పెట్టడం గురించి ఇంకొకటి చెబుతాను, మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. కాబట్టి ఆట ఆడనివ్వండి. దాంతోపాటు షుగర్, బీపీ అదుపులో ఉండాలి, పొద్దున్నే బీచ్ రోడ్డులో స్నేహితులతో నడక ఉండాలి.

మీరు ఆలస్యం చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి మాట తడబడినా, నోట మాట రాకపోయినా, మూతి ఒక పక్కకి పోయినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే అదే రోజు, కుదరకపోతే మర్నాడు డాక్టర్‌కి చూపించాలి. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం, డబ్బు లెక్కల్లో కొత్తగా పొరపాట్లు చేయడం కనిపిస్తే చెవి పరీక్షతో ఆగకుండా న్యూరాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళండి.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు ఆయన మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. మెషీన్ షాపులో ఎన్నేళ్ళు పనిచేశారో చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. ఆడియోగ్రామ్ రిపోర్టు, బీ12 విలువ వచ్చాక మళ్ళీ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.